అడ్మిట్ వచ్చాక, క్లాసులో కూర్చునేలోపు

అమెరికాలో ఎమ్మెస్‌కి అడ్మిట్ వచ్చాక మన విజయవాడ, గుంటూరు పిల్లలకు అడ్డం పడేవి చదువుకు సంబంధించినవి కావు. పేరు, మార్కుల కాగితాలు, ఈమెయిలు, బ్యాంకు లెటరు, టీకాల కార్డు. ఇక్కడ ఉండగా పట్టించుకుంటే కాస్త తిరుగుడుతో పోతాయి. వదిలేస్తే అక్కడ రిజిస్ట్రేషన్ మీద ‘హోల్డ్’ అయి కూర్చుంటాయి. హోల్డ్ ఉంటే పోర్టల్లో సబ్జెక్టులు కనిపిస్తూనే ఉంటాయి గానీ తీసుకోనివ్వదు. అది తీసేలోపు మంచి సబ్జెక్టుల్లో సీట్లు అయిపోతాయి.

ముందు పేరు సంగతి. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత, అంతా ఒకే వరసలో ఉంటుంది: ‘కొండవీటి వెంకట సాయితేజ’ అని. బీటెక్ మెమోకి వచ్చేసరికి ఆ కొండవీటి కాస్తా ఒక్క పొడి అక్షరం అయిపోతుంది. పాస్‌పోర్టులో రెండు గడులు ఉంటాయి: సర్‌నేమ్, గివెన్ నేమ్. సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేసి పేరు మొత్తం గివెన్ నేమ్‌లో రాయించుకున్నవాళ్లు మన దగ్గర తక్కువేం కాదు. ఆ పాస్‌పోర్టుతో వెళ్తే అమెరికా వీసా మీద పేరంతా సర్‌నేమ్‌గా మారి, గివెన్ నేమ్ దగ్గర ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని, అంటే ‘మొదటి పేరు తెలియదు’ అని, మూడక్షరాలు పడతాయి. ఐ-20లో (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) మాత్రం ఆ గడి ఖాళీగానే ఉండాలని సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలుండే అమెరికా ప్రభుత్వ రికార్డు) నియమం. ఇక అక్కడి బ్యాంకువాళ్లు ఒకలా, డ్రైవింగ్ లైసెన్సువాళ్లు ఇంకోలా రాసుకుంటారు. కాబట్టి సర్‌నేమ్ ఖాళీగా ఉంటే అప్లికేషన్లు పెట్టకముందే పాస్‌పోర్టు రీఇష్యూ చేయించుకోండి. ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయం విజయవాడలోనే ఉంది. ఐ-20 చేతికొచ్చాక పేరు మారిస్తే ఐ-20 కూడా మళ్లీ ఇప్పించుకోవాలి, ఇంటర్వ్యూకి ముందు అదో గండం.

మెమోల్లో ఇంటిపేరు పొట్టిగా ఉన్నంత మాత్రాన కంగారు అక్కర్లేదు. యూనివర్సిటీ పట్టుకునేది పాస్‌పోర్టు పేరునే. స్పెల్లింగే తేడాగా ఉంటే, రెండు పేర్లూ ఒకే మనిషివని నోటరీ అఫిడవిట్ చేయించి ఫైల్లో పెట్టుకోండి.

మార్కుల మెమోలు వేరు, ట్రాన్స్‌క్రిప్టులు వేరు. ట్రాన్స్‌క్రిప్టు అంటే అన్ని సెమిస్టర్ల మార్కులూ ఒకచోట చేర్చి, పరీక్షల విభాగం సంతకం, ముద్ర వేసి, కవరు మూసి, ఆ అతుకు మీద మళ్లీ ముద్ర కొట్టి ఇచ్చేది. ఆ కవరు మీరు చించారా, ఇక అది అఫీషియల్ కాదు, మామూలు జిరాక్సు కిందే లెక్క. జేఎన్‌టీయూ కాకినాడ కాలేజీ అయితే కాకినాడ వ్యవహారం, నాగార్జున యూనివర్సిటీ డిగ్రీ అయితే నాగార్జున నగర్‌లో పని. అటానమస్ కాలేజీలవాళ్లు ముందు కాలేజీ ఎగ్జామ్ సెల్‌లోనే అడగాలి. ఊరికే కాకినాడ బస్సెక్కితే తిప్పి పంపిస్తారు. అవసరమైన కవర్లకు తోడు రెండు ఎక్కువ తీసుకోండి. ఊరు దాటాక ఒక్క కవరు కోసం నాన్న క్యూలో నిలబడాల్సి వస్తుంది.

అడ్మిషన్ లెటరు చివర చిన్న అక్షరాల్లో ఒక షరతు ఉంటుంది: ఫైనల్ ట్రాన్స్‌క్రిప్టు, డిగ్రీ పూర్తయిన రుజువు ఫలానా తేదీలోపు అందాలి అని. చాలామంది దీన్ని చదవరు. మొదటి సెమిస్టరు సాఫీగా సాగిపోయి, రెండో సెమిస్టరుకు రిజిస్టర్ అవబోతుంటే హోల్డ్ కనిపించేది దీనివల్లే. ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) కాన్వొకేషన్ దాకా రాదు కాబట్టి పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్), సీఎంఎం (అన్ని మార్కులూ కలిపిన మెమో) పంపితే సరిపోతుందా అని యూనివర్సిటీని మెయిల్లో అడిగి, వాళ్ల జవాబు దాచుకోండి. ఒరిజినల్స్ మాత్రం ఎవరికీ పోస్టులో పంపొద్దు. ఇంకోటి: మన ఇళ్లలో టెన్త్ మెమో ఇంటికి రాగానే లామినేషన్ చేయిస్తారు. ప్లాస్టిక్ మీద అటెస్టేషన్ ముద్ర నిలవదు, ఒలవబోతే కాగితమే ఊడొస్తుంది. ఇప్పటికే చేయించి ఉంటే అలాగే ఉంచండి, మిగతావి అయినా మామూలు ఫోల్డర్లో పెట్టండి.

ఈమెయిలు గురించి గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. విజయవాడ బెంజి సర్కిల్ అయినా గుంటూరు బ్రాడీపేట అయినా, కొన్ని కన్సల్టెన్సీలు అప్లికేషన్‌కి తామే ఒక మెయిల్ ఐడీ సృష్టించి, పాస్‌వర్డ్ తమ దగ్గరే ఉంచుకుంటాయి. ఐ-20, హౌసింగ్, యూనివర్సిటీ అకౌంటు తెరిచే లింకు, అన్నీ దానికే వస్తాయి. మీ సీటు తాళంచెవి వేరేవాళ్ల జేబులో ఉన్నట్టే. అప్లికేషన్ వాళ్లతో నింపించినా సరే, మెయిలు మీదే ఉండాలి, ఫోన్ నంబరూ మీదే ఉండాలి. ఆ ఇండియా నంబరుకు ఇంటర్నేషనల్ రోమింగ్ కూడా ఆన్ చేయించుకుని వెళ్లండి, బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి.

డబ్బు. మొదటి ఏడాది ఫీజుకూ ఖర్చులకూ సరిపడా సొమ్ము చూపిస్తేనే ఐ-20 ఇస్తారు. వాళ్లకు కావాల్సింది వెంటనే తీయగలిగిన డబ్బు: సేవింగ్స్, ఫిక్స్‌డ్ డిపాజిట్, లోన్ శాంక్షన్ లెటరు. తెనాలి దగ్గర మూడెకరాలు ఉన్నాయని సీఏతో వాల్యుయేషన్ రాయించినా ఐ-20కి అది పనికిరాదు. బాబాయి అకౌంటు చూపిస్తే బాబాయి పేరు మీదే స్పాన్సర్ లెటరు ఉండాలి, బ్యాంకు లెటర్లో పేరు దానితో కలవాలి. కమీషన్ తీసుకుని పది రోజులు బ్యాలెన్స్ వేసి తీసేసేవాళ్లు మన ఊళ్లలో దొరుకుతారు. ఆ దారి పట్టొద్దు. వీసా ఆఫీసరు ‘ఈ డబ్బు ఎక్కడిది’ అని ఒక్క ప్రశ్న వేస్తే చెప్పడానికి మాట ఉండదు, అబద్ధం రికార్డుకెక్కితే తర్వాత ఏ వీసాకీ వదలదు.

ఫీజు పంపేటప్పుడు రెండు చూసుకోండి. బ్యాంకు నుంచి వైర్ ట్రాన్స్‌ఫర్ చేస్తే మధ్యలో బ్యాంకులు కొన్ని డాలర్లు కోసుకుంటాయి. ఆ చిల్లర బాకీకే హోల్డ్ పడుతుంది. అందుకే ఛార్జీలన్నీ పంపేవారే భరించే ‘అవర్’ ఆప్షన్ పెట్టమనండి, స్టూడెంట్ ఐడీ తప్పకుండా రాయించండి. రెండోది టీసీఎస్, అంటే డబ్బు విదేశాలకు పంపేటప్పుడు బ్యాంకు ముందుగానే పట్టుకునే పన్ను. బ్యాంకు ఎడ్యుకేషన్ లోన్ నుంచి వెళ్లే డబ్బుకు అది లేదు. సొంత డబ్బు ఒక ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటితే, దాటిన దాని మీద పట్టుకుంటారు. ఆ లెక్క పంపినవారి పాన్ మీద పడుతుంది, వాళ్లు ఐటీ రిటర్న్ వేస్తేనే తిరిగొస్తుంది. రిటర్న్ వేసే అలవాటున్నవారి ఖాతా నుంచే పంపడం మేలు.

టీకాల దగ్గర దెబ్బతినేవాళ్లు చెప్పలేనంత మంది. చాలా యూనివర్సిటీలు ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా కలిపిన టీకా) రెండు డోసులు అడుగుతాయి, మధ్యలో కనీసం 28 రోజులు ఉండాలి. మన ప్రభుత్వ టీకాల్లో తట్టు ఉంది, తర్వాత రుబెల్లా కలిసింది, గవదబిళ్లల టీకా లేదు. కాబట్టి చిన్నప్పటి కార్డు భద్రంగా ఉన్నా సరిపోకపోవచ్చు. యాంటీబాడీల రక్తపరీక్ష చేయించి చూపించొచ్చు, లేదంటే మళ్లీ రెండు డోసులు వేయించుకోవాలి. ఆగస్టులో క్లాసులైతే జూన్‌లోనే మొదటిది పడాలి.

టీబీ పరీక్ష ఇంకో ముడి. మనందరికీ పుట్టగానే టీబీ టీకా బీసీజీ వేస్తారు, దానివల్ల చర్మం మీద చేసే పరీక్షలో జబ్బు లేకపోయినా పాజిటివ్ రావచ్చు, ఆపైన ఎక్స్‌రేలు, డాక్టర్ల చుట్టూ తిరగడం. బీసీజీ ప్రభావం పడని ఐగ్రా రక్తపరీక్ష అడిగి చేయించుకోండి. ఎంఎంఆర్ వేసిన రోజే రక్తం ఇవ్వండి, లేదా కనీసం 4 వారాలు ఆగండి. మధ్యలో ఇస్తే ఫలితం నమ్మలేం. అక్కడ చేసిన పరీక్షనే ఒప్పుకునే యూనివర్సిటీలూ ఉన్నాయి, ముందు వాళ్ల ఫారం చదవండి. టెక్సస్ వెళ్లేవాళ్లలో 22 ఏళ్లలోపు వారికి మెనింజైటిస్ టీకా తప్పనిసరి, అదీ సెమిస్టరు మొదలవడానికి కనీసం 10 రోజుల ముందు. డాక్టరు ఫారం నింపేటప్పుడు పక్కనే ఉండి తేదీ చూడండి. అమెరికాలో నెల ముందు, రోజు తర్వాత. మన పద్ధతిలో 05/06 అని రాస్తే జూన్ 5 కాస్తా మే 6 అవుతుంది, 28 రోజుల లెక్క తప్పుతుంది. నెల పేరు అక్షరాల్లో రాయమనడం ఉత్తమం.

వీసా గురించి ఇప్పటికే కుప్పలుగా రాశారు కాబట్టి క్లుప్తంగా: సెవిస్ ఫీజు 350 డాలర్లు, వీసా ఫీజు 185 డాలర్లు, వేలిముద్రలూ ఇంటర్వ్యూ హైదరాబాద్‌లో. కాన్సులేట్ 2023 నుంచి నానక్‌రామ్‌గూడలో ఉంది, పాత బేగంపేట అడ్రసు పట్టుకుని వెళ్లకండి. 2025 జూన్ నుంచి సోషల్ మీడియా ఖాతాలు అందరికీ కనిపించేలా పెట్టమంటున్నారు, వీసా అప్లికేషన్ ఫారం డీఎస్-160లో రాసినవీ అవీ ఒకటే అవ్వాలి.

ఐ-20 మీదున్న ప్రోగ్రాం మొదలయ్యే తేదీకి 30 రోజుల ముందు నుంచి మాత్రమే దేశంలోకి రానిస్తారు. దిగిన రెండు మూడు రోజుల్లో సీబీపీ (అమెరికా సరిహద్దు అధికారులు) వెబ్‌సైట్లో మీరు దేశంలోకి వచ్చిన రికార్డు ఐ-94 తీసి పేరు, పాస్‌పోర్టు నంబరు సరిగ్గా ఉన్నాయా, విద్యార్థి స్టేటస్ ఎఫ్-1 అని ఉందా లేదా చూసుకోండి. తర్వాత ఇంటర్నేషనల్ ఆఫీసు చెక్-ఇన్: పాస్‌పోర్టు, వీసా, ఐ-94, అక్కడి ఇంటి అడ్రసు అప్‌లోడ్ చేయాలి. ఇది ఓరియెంటేషన్ కాదు, రెండూ వేరు. ప్రోగ్రాం తేదీ నుంచి 30 రోజుల్లో డీఎస్‌ఓ (విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే యూనివర్సిటీ అధికారి) మిమ్మల్ని సెవిస్‌లో నమోదు చేయాలి. మీరు చెక్-ఇన్ చేయకపోతే ఆయన చేయలేడు, స్టేటస్ పోతుంది. ఇల్లు మారిన ప్రతిసారీ 10 రోజుల్లో కొత్త అడ్రసు చెప్పాలి. మొదటి నెల స్నేహితుల గదిలో సర్దుకునేవాళ్లు మరిచిపోయేది ఇదే.

ఎమ్మెస్‌లో మామూలుగా సెమిస్టరుకు 9 క్రెడిట్లు ఉంటేనే ఫుల్‌టైమ్. అందులో ఆన్‌లైన్ సబ్జెక్టు ఒక్కటే, 3 క్రెడిట్ల వరకే లెక్కకొస్తుంది. సీట్లు లేక రెండు ఆన్‌లైన్ సబ్జెక్టులు తీసుకుంటే పోర్టల్ అడ్డుకోకపోవచ్చు, ఇమ్మిగ్రేషన్ లెక్కలో మాత్రం 6 క్రెడిట్లే. మధ్యలో సబ్జెక్టు కష్టమై వదిలేద్దామనుకుంటే ముందు డీఎస్‌ఓకి మెయిలు పెట్టి, సరేనన్నాకే డ్రాప్ బటన్ నొక్కండి. నొక్కేశాక అడిగితే ఆయన చేతిలో పెద్దగా ఏమీ ఉండదు.