‘నాయ్‌సమ్’ అంటే చప్పుడు కాదు: నా రెండో ప్రయత్నం

నిన్న సాయంత్రం పోటీ పరీక్ష తుది జాబితా వచ్చింది. అందులో నా నంబరు ఉంది. మూడుసార్లు సరిచూసుకున్న తర్వాతే ఇంట్లో చెప్పాను. సిలబస్, మార్కుల విభజన మీకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. పోయినసారి ఎక్కడ దెబ్బ తిన్నానో చెబుతాను.

అప్పుడు కటాఫ్‌కు సరిగ్గా 1 మార్కు తగ్గింది. ‘నాయ్‌సమ్’ అనే ఇంగ్లిష్ విశేషణానికి సమానార్థకం అడిగారు. అంతకుముందు ఎన్నడూ చూడని మాట. అందులో నాకు ‘నాయిజ్’ కనిపించింది, జవాబుల్లో ‘లౌడ్’ ఉంది. క్షణం ఆగకుండా దాన్నే గుర్తించాను. సరైన జవాబు ‘ఫౌల్’, అంటే కంపుకొట్టేది, రోత పుట్టించేది. రావలసిన మార్కు రాకపోగా 0.25 పోయింది. ఆ ఒక్కటి సరిగ్గా పెట్టి ఉంటే గట్టెక్కేవాణ్ణి. ఆ బాధతో నెల రోజులు పుస్తకం ముట్టలేదు.

తర్వాత ఒక రాత్రి నిఘంటువు తీశాను. ఆ మాటకూ నాయిజ్‌కూ చుట్టరికమే లేదు! మొదటి భాగం ‘అనాయ్’ క్రియకు మధ్యయుగపు ఇంగ్లిష్‌లో ఉన్న పొట్టి రూపం. అనాయ్ అంటే వేధించడం. ఫ్రెంచి మీదుగా వచ్చిన ఆ మాటకు మూలం ‘ద్వేషంలో’ అనే అర్థమిచ్చే లాటిన్ పదబంధం ‘ఇన్ ఓడియో’. అసహ్యకరమైన అనే అర్థమున్న ‘ఓడియస్’ కూడా ఆ కుటుంబానిదే. చివరి ‘సమ్’ మనకు తెలిసిన ‘టైర్‌సమ్’, ‘క్వారెల్‌సమ్’లలోని ప్రత్యయమే. కాబట్టి తొలి అర్థం హానికరమైనది అని. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్ 91వ కీర్తనలో తెగులుకు ఈ విశేషణమే వాడారు. అక్కడ వాసన ప్రసక్తి లేదు, నాశనం చేసేదని భావం. ఇప్పుడు ఎక్కువగా దుర్గంధానికి, విషపు పొగకు, మురుగుకు వాడతారు, అదీ గంభీరమైన రచనలో. పలకడంలోనూ తేడా ఉంది: నాయిజ్‌లో వినిపించే ‘జ’ ఇక్కడ ‘స’. చెవిపెట్టి ఉంటే అదే నన్ను ఆపేది.

ఆ రోజు నుంచి రోజుకు 40 మాటల జాబితా మానేసి 5 మాటలే చదివాను. పుట్టుక, అర్థం మారిన తీరు, ఏ నామవాచకాల పక్కన వస్తుందో రాసుకునేవాణ్ణి. కాలం వృథా చేస్తున్నావని స్నేహితులు మందలించారు. వృథా కాదని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. పరీక్ష మన తొందరపాటునే పట్టుకుంటుంది. దయచేసి మాట ముఖం చూసి అర్థం ఊహించకండి. రోజూ ఒకే వేళకు కూర్చోండి, ఫోను పక్క గదిలో పెట్టండి. మిగతా విభాగాలకు పాత ప్రశ్నపత్రాలు, మాక్ టెస్టులు సరిపోయాయి.

ఈసారి ‘రెస్టివ్’ అడిగారు. అందులో ‘రెస్ట్’ కనిపించి, చేయి ప్రశాంతమైన అనే అర్థమున్న ‘కామ్’ వైపు వెళ్లబోయి ఆగింది. రెండు నెలల కిందట నోటుపుస్తకంలో రాసుకున్న వాక్యం గుర్తొచ్చింది: ‘ముందుకు కదలనని మొండికేసిన గుర్రం, తర్వాత, అదుపులో ఉండక అసహనంగా కదిలేది.’