పుస్తకం చూస్తూ వింటేనే అక్షరం వస్తుంది

మా అక్క కూతురు డాలస్‌లో పెరుగుతోంది, తెలుగు గలగలా మాట్లాడేస్తుంది, చదవమంటే మాత్రం వత్తుల దగ్గర ఆగిపోతుంది. ఇలాంటి పిల్లలున్న వాళ్ళందరికీ నేను చెప్పేది ఒకటే, ఊరికే ఆడియో కథలు పెట్టి వదిలేయకండి. వింటే మాట వస్తుంది, అక్షరం రాదు. పేజీ కళ్ళముందు ఉండగా అదే కథ చెవిలో పడాలి, మనం దాదాపు రాసినట్టే పలుకుతాం కదా, అందుకే "చంద్రుడు" అని వినపడేటప్పుడే ద కింద క్రావడి మీద వేలు పెట్టి చూపిస్తే ఇంక వేరే పాఠం అక్కర్లేదు.

దీనికి నాకు బాగా నచ్చింది పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్. 2015లో మొదలైంది, అంతా ఫ్రీ, తెలుగు కథలు బోలెడు ఉన్నాయి, కథల్ని ఒకటి నుంచి నాలుగు లెవెల్స్‌గా పెట్టారు, ఒకటో లెవెల్లో పేజీకి ఒకటి రెండు చిన్న వాక్యాలే. ఓపెన్ లైసెన్స్ కాబట్టి రాసినవాళ్ళ, బొమ్మలేసినవాళ్ళ పేర్లు ఉంచి ప్రింట్ తీసుకోవచ్చు, పంచొచ్చు, చదివి రికార్డ్ కూడా చేసుకోవచ్చు. ఇక్కడ మా అమ్మ ఫోన్‌లో కథ చదివి వాట్సాప్‌లో పంపిస్తుంది, అక్కడ పిల్ల పేజీ తిప్పుతూ వింటుంది, అమ్మమ్మ గొంతు కాబట్టి మళ్ళీ మళ్ళీ పెట్టుకుంటుంది.

పెద్దయ్యాక చదువు నేర్చుకునేవాళ్ళ సంగతే నాకు బాధగా ఉంటుంది. మా వీధిలో బట్టలు కుట్టే ఒకావిడ అక్షరాలు నేర్చుకుంటోంది, ఆవిడకి కుందేలు కథ ఇస్తే ఎందుకు చదువుతుందండీ? బస్సు బోర్డు, బ్యాంకు ఫారం, మందుల చీటీ, పిల్లాడి స్కూల్ నోటీసు కావాలి. అలాంటివి పెద్ద అక్షరాల్లో, పక్కన ఆడియోతో తెలుగులో ఇంకా చాలా రావాలి.

చూపు లేనివాళ్ళకైతే 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ లైబ్రరీ ఉంది, డైసీ ఫార్మాట్ పుస్తకాలు, అంటే చూపు లేనివాళ్ళు వినడానికి వీలుగా తయారుచేసిన డిజిటల్ పుస్తకాలు ఉంటాయి. మామూలు ఎంపీత్రీలో ఎక్కడ ఆపామో వెతుక్కోవాలి, డైసీలో అయితే చాప్టర్‌కి, పేజీకి నేరుగా వెళ్ళిపోవచ్చు, గ్రూప్స్‌కి ప్రిపేరయ్యే కుర్రాడికి అది ఎంత తేడానో ఆలోచించండి. 2012లో కాపీరైట్ చట్టం మార్చాక చూపు లేనివాళ్ళ కోసం ఇలా పుస్తకాన్ని మార్చడానికి అడ్డు కూడా తగ్గింది. కానీ నెట్‌లో దొరికే పాత తెలుగు పుస్తకాలు చాలావరకు స్కాన్ చేసిన బొమ్మలే, ఫోన్‌లో చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కి అందులో అక్షరమే కనపడదు. తెలుగు వికీసోర్స్ అనే ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయంలో ఒక పక్క స్కాన్ పేజీ, ఇంకో పక్క టైప్ చేసిన పాఠం పెట్టుకుని తప్పులు దిద్దుతుంటారు, అలా దిద్దిన పేజీని ఫోన్ చదివేస్తుంది. తెలుగు టైపింగ్ వచ్చిన ఎవరైనా ఆ పని చెయ్యొచ్చు, రోజుకి ఒక్క పేజీ అయినా సరే.