గ్రీన్ బే డ్రాఫ్ట్‌కి వెళ్లొచ్చాం, 1989 గొడవ మాత్రం తేలలేదు

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ 2025 డ్రాఫ్ట్ విస్కాన్సిన్‌లోని గ్రీన్ బేలో జరుగుతుందని తెలిసినప్పుడే మా మేనబావకి ఫోన్ చేసి, ఏమైనా సరే ఈసారి వెళ్లాల్సిందే అన్నాను. వాడు చికాగో బేర్స్ మనిషి. నేను మిల్వాకీలో ఎమ్మెస్ చదివిన రోజుల నుంచి గ్రీన్ బే జట్టు ప్యాకర్స్‌ మనిషిని. ఈ రెండు జట్ల మధ్య వైరం వందేళ్ల నాటిది, అంటే కార్లో మాటలకు కరువుండదు. ఏప్రిల్ 24, గురువారం. చికాగో పక్కనున్న అరోరా నుంచి దాదాపు నాలుగు గంటల దారి. అత్త కట్టిచ్చిన పులిహోర వెనక సీట్లో పెట్టుకుని పొద్దున్నే బయల్దేరాం.

అమెరికన్ ఫుట్‌బాల్ తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క. కాలేజీల్లో ఆడిన కుర్రాళ్లని 32 జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి, మొత్తం ఏడు రౌండ్లు, ఒక్కో వంతుని పిక్ అంటారు. ఎంసెట్ కౌన్సెలింగ్ లాంటిదే గానీ ఇక్కడ చివరి ర్యాంకు వాడిని ముందు పిలుస్తారు, అంటే పోయినేడు అందరికన్నా ఘోరంగా ఆడిన జట్టుకి మొదటి అవకాశం. ఎవరిని తీసుకున్నారన్నది ఆ రాత్రి వార్త. ఎవరిని వదిలేశారన్నది మాత్రం ముప్పై ఏళ్లు నడిచే గొడవ.

మిల్వాకీ దాటకముందే బావ 2017 ఎత్తాడు, బేర్స్ అభిమాని ఎవరైనా అక్కడికే వస్తారు. ఆ ఏడు బేర్స్‌కి 3వ పిక్ ఉంది. ఒక్క మెట్టు పైకెక్కి 2వ పిక్ అందుకోవడానికి అదే ఏడాది మూడో, నాలుగో రౌండ్ పిక్‌లూ, మరుసటి ఏడాది మూడో రౌండ్ పిక్కూ శాన్ ఫ్రాన్సిస్కోకి ఇచ్చేసి క్వార్టర్‌బ్యాక్ (బంతి విసురుతూ ఆట నడిపేవాడు) మిచ్ ట్రుబిస్కీని తీసుకున్నారు. మరో క్వార్టర్‌బ్యాక్ ప్యాట్రిక్ మహోమ్స్ 10వ పిక్‌గా కాన్సాస్ సిటీకి వెళ్లి ఇప్పటికి మూడు సూపర్ బౌల్స్ (లీగ్ ఫైనల్స్) గెలిచాడు. "వాడు దొరక్క కాదురా, చేతికందే దూరంలో ఉంటే ఎదురు డబ్బులిచ్చి పక్కవాడిని తెచ్చుకున్నారు," అంటాడు బావ, ఇన్నేళ్లయినా అదే మంటతో. మహోమ్స్‌ని వదిలేసింది బేర్స్ ఒక్కరే కాదు, అతని కన్నా ముందు తొమ్మిది మందిని తొమ్మిది జట్లు తీసుకున్నాయి. అయినా బావ వైపే న్యాయం ఉందనుకుంటాను. ఒకడు మిగతా అందరికన్నా మెరుగని పిక్‌లు ధారపోసి మరీ పైకెక్కినప్పుడు, ఆ నమ్మకానికి వాళ్లే పూచీ.

ఐ-43 మీద షెబోయ్‌గన్‌లో ఆగాం. ఆ ఊరు బ్రాట్‌వర్స్ట్ సాసేజ్‌లకి పేరు, కానీ గురువారం బావ మాంసం ముట్టడు, సాయిబాబా రోజు. పులిహోరా, వేయించిన చీజ్ కర్డ్స్ తిన్నాం. ఆ కర్డ్స్ వేడి మీద ఉన్నప్పుడే తినాలి, చల్లారితే రబ్బరే.

గ్రీన్ బే జనాభా లక్షకి కొంచెం ఎక్కువ. మూడు రోజుల డ్రాఫ్ట్‌కి వచ్చినవాళ్లు సుమారు 6 లక్షలని తర్వాత లెక్క చెప్పారు. ప్యాకర్స్ స్టేడియం లాంబో ఫీల్డ్ చుట్టూ ఉన్నవి మామూలు ఇళ్లే, ఆట ఉన్న రోజు ఇంటివాళ్లు తమ పచ్చిక మీద కార్లు పెట్టించుకుని డబ్బు తీసుకుంటారు. మేం అలాగే ఒక పెద్దాయన ఇంటి ముందు పెట్టాం. బావ బేర్స్ జెర్సీ చూసి ఆయన నవ్వి, 2017 గురించి పరామర్శించాడు. బావ ఊరుకుంటాడా, "మరి మీ 1989 సంగతేంటి?" అన్నాడు.

ఆ ఏడు మొదటి ఐదు పిక్‌లు ఇవి: ట్రాయ్ ఐక్‌మన్, టోనీ మాండరిచ్, బారీ శాండర్స్, డెరిక్ థామస్, డియాన్ శాండర్స్. ఐదుగురిలో నలుగురు హాల్ ఆఫ్ ఫేమ్‌లో (ఆటలో మహామహుల జాబితా) ఉన్నారు. లేని ఒక్కడినే ప్యాకర్స్ తీసుకుంది. మాండరిచ్ ఆఫెన్సివ్ టాకిల్, అంటే ముందు వరసలో నిలబడి ఎదుటివాళ్లని అడ్డుకునేవాడు, కొండలాంటి మనిషి, అతనంతటి లైన్‌మన్ పుట్టలేదని అప్పట్లో పత్రికలు రాశాయి. నాలుగేళ్లు తిరగకుండానే గ్రీన్ బే అతన్ని వదిలించుకుంది, కాలేజీలో స్టెరాయిడ్లు వాడానని 2008లో అతనే ఒప్పుకున్నాడు. ఇక బంతి పట్టుకుని పరిగెత్తే బారీ ఎక్కడో దూరంగా ఆడినా బాగుండేది, అతను వెళ్లింది అదే డివిజన్‌లోని డెట్రాయిట్‌కి. పదేళ్లపాటు దాదాపు ఏటా రెండుసార్లు ఎదురుపడ్డాడు, కెరీర్ మొత్తంలో 15,269 గజాలు పరిగెత్తాడు.

పెద్దాయన దీని మీద ఎంతో ఆలోచించిన మనిషి, ఆయన చెప్పింది నాకు బాగా పట్టింది: బారీ వచ్చుంటే 1991లో మేం 4 గెలుపులు, 12 ఓటములతో మట్టికరిచేవాళ్లం కాదు, నిజమే. కానీ అంత చెడిపోయాకే కదా జనరల్ మేనేజర్‌గా రాన్ వుల్ఫ్‌ని తెచ్చుకున్నది, ఆయన 1992లో కోచ్ హోమ్‌గ్రెన్‌ని, అట్లాంటా నుంచి క్వార్టర్‌బ్యాక్ బ్రెట్ ఫావ్‌ని తెచ్చాడు, 1996 సీజన్‌కి సూపర్ బౌల్ వచ్చింది. బారీ ఉన్న పదేళ్లలో డెట్రాయిట్ గెలిచిన ప్లేఆఫ్ (సీజన్ చివరి నాకౌట్) మ్యాచ్ ఒక్కటే. "బారీని తీసుకుని ఉంటే ఆ రోడ్డుకి ఆ పేరు ఉండేదా?" అని చెయ్యి చూపించాడు. హోమ్‌గ్రెన్ వే. అన్నట్టు 1994 చివరి రోజున ఇదే లాంబోలో ప్లేఆఫ్‌లో బారీ 13 సార్లు బంతి పట్టుకుని పరిగెత్తితే వచ్చింది మైనస్ 1 గజం, ఆ లెక్క ఈ ఊళ్లో పిల్లలకి కూడా తెలుసనుకుంటా.

నాకు 1989 మీద కోపం లేదు. ఆ రోజు ఎవరున్నా చాలామంది మాండరిచ్‌నే తీసుకునేవాళ్లు. నాకు మండేది 2017 మీద, అవును, ప్యాకర్స్‌కీ ఒక 2017 ఉంది. 29వ పిక్ చేతిలో ఉండగా దాన్ని క్లీవ్‌లాండ్‌కి ఇచ్చి 33, 108 తీసుకుని వెనక్కి జరిగారు. 30వ పిక్‌లో పిట్స్‌బర్గ్ టి.జె. వాట్‌ని ఎగరేసుకుపోయింది. విస్కాన్సిన్‌లో పుట్టి, విస్కాన్సిన్ యూనివర్సిటీలోనే ఆడినవాడు! 2021లో 22.5 శాక్‌లు (బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడం), అప్పటి రికార్డుకి సమానం. మాకు 33లో వచ్చిన డిఫెండర్ కెవిన్ కింగ్, 2021 జనవరిలో టాంపా బేతో ఇదే మైదానంలో హాఫ్ టైమ్‌కి క్షణాల ముందు టచ్‌డౌన్ ఇచ్చుకున్నాడు, 31-26తో ఓడిపోయాం. కింగ్‌ని తిట్టడం అన్యాయం, అతన్ని ఆ స్థానంలో పెట్టింది అతను కాదు. కానీ క్వార్టర్‌బ్యాక్ మీదకి దూకేవాళ్లు కావాల్సిన జట్టు, ఇంటి పక్కనే పెరిగినవాణ్ణి చూసి చూసి వదిలింది. ఈ ఒక్కటీ ఫలితం చూశాక పుట్టిన కోపం కాదు, ఆ రాత్రే నా గొంతులో పడింది.

స్టేజి దగ్గరికి చేరేసరికి జనం కిక్కిరిసి ఉన్నారు. బేర్స్ 10వ పిక్‌లో కోల్‌స్టన్ లవ్‌ల్యాండ్‌ని తీసుకుంటే ఊరంతా బూ అంది, బావ ఒక్కడే చప్పట్లు కొట్టాడు. 23వ పిక్‌కి ప్యాకర్స్ ప్రెసిడెంట్ మార్క్ మర్ఫీ స్వయంగా వచ్చి టెక్సస్ రిసీవర్ (విసిరిన బంతి అందుకునేవాడు) మాథ్యూ గోల్డెన్ పేరు చదివాడు. 2002 తర్వాత ప్యాకర్స్ మొదటి రౌండ్‌లో రిసీవర్‌ని తీసుకోవడం అదే మొదటిసారి, ఆ అరుపులకి ఒళ్లు పులకరించింది. పక్కన ముక్కూ మొహం తెలియనివాళ్లు కౌగిలించుకున్నారు. బావ మాత్రం, మీకు కావాల్సింది డిఫెన్స్ కదరా, జేమ్స్ పియర్స్ ఇంకా ఉన్నాడుగా అన్నాడు. పియర్స్ 26లో అట్లాంటాకి వెళ్లాడు. అక్కడే ఫోన్‌లో రాసి పెట్టాను: నేను గోల్డెన్, బావ పియర్స్, తేదీతో సహా. ఇక ముందు ఎవరూ నేనప్పుడే చెప్పాను అనడానికి లేదు.

రాత్రికి మిల్వాకీలో స్నేహితుడింట్లో పడుకుని శుక్రవారం ఇంటికొచ్చేశాం. శనివారం టీవీలో చూస్తుంటే క్వార్టర్‌బ్యాక్ షెడ్యూర్ శాండర్స్ ఐదో రౌండ్‌లో, 144వ పిక్‌గా క్లీవ్‌లాండ్‌కి వెళ్లాడు. 1989లో ప్యాకర్స్ కాదనుకున్న డియాన్ కొడుకు! వెంటనే బావ ఫోన్, "చూశావా, మీవాళ్లు తండ్రినీ వదిలేశారు, కొడుకునీ నాలుగుసార్లు వదిలేశారు." లెక్క కరెక్టే, అప్పటికి ప్యాకర్స్ వాడిన పిక్‌లు 23, 54, 87, 124. కానీ జట్టులో క్వార్టర్‌బ్యాక్‌గా జోర్డన్ లవ్ ఉన్నాడు. రేపు షెడ్యూర్ హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎక్కినా సరే, ఆ నాలుగింటినీ నేను తప్పుల ఖాతాలో రాయనని చెప్పాను. బావ ఒప్పుకోలేదు.