ఎక్కేది ఎటువైపు?

పొద్దున తొమ్మిదికి టోక్యోకు పడమటనున్న కునితాచి స్టేషన్లో, నోబోరి ప్లాట్‌ఫారం మీద కలుద్దామన్నాడు జపాన్ మిత్రుడు. ‘నోబోరు’ అంటే ఎక్కడమని నాకు తెలుసు. చువో లైనులో పడమటి వైపున తకావో ఉంది, 599 మీటర్ల కొండ. ఎక్కడమంటే అటే కదా అనుకుని ఆ వైపు రైళ్లు ఆగే చోట నిలబడ్డాను. పావుగంట తర్వాత చూస్తే, పట్టాలకు అవతల అతను రెండు చేతులూ ఊపుతున్నాడు.

టోక్యో వైపు పోయేది నోబోరి, టోక్యో నుంచి బయటికి పోయేది కుదారి, అంటే దిగడం. కొండలతో పనే లేదు. అప్ లైను, డౌన్ లైను అన్న మాటలు వింటూ కాజీపేటలో పెరిగిన నాకు ఆ మాత్రం తట్టలేదు.

రైల్లో అతను తన సంగతి చెప్పాడు. సొంత ఊరు మత్సుమోతో, సముద్రమట్టానికి దాదాపు 600 మీటర్ల ఎత్తున, కొండల నడుమ. అక్కడినుంచి సముద్రం ఒడ్డునున్న టోక్యోకు చదువు కోసం రావడాన్ని అతను ‘జోక్యో’ అంటాడు, అంటే రాజధానికి ఎక్కిరావడం! ఆ ‘క్యో’ టోక్యోలోనూ ఉంది, క్యోటోలోనూ ఉంది. ఒకప్పుడు చక్రవర్తి క్యోటోలో ఉండేవాడు కాబట్టి ఎక్కడమంటే అటే. 1868లో ఎడో పట్టణానికి టోక్యో, అంటే తూర్పు రాజధాని, అని పేరు పెట్టారు. మరుసటి ఏడు చక్రవర్తి మకాం అక్కడికి మారింది. రెండింటినీ కలిపే తొకైదో బాట ఉన్నచోటే ఉంది, ఎక్కే దిక్కు మాత్రం తిరగబడింది.

షింజుకు స్టేషన్లో బయటికి దారులు 200 పైచిలుకు. అందులో మూడుసార్లు తప్పిపోయాక, ఈ ప్రాంతాన్ని ‘ఫుకుతోషిన్’, అంటే ఉపకేంద్రం, అంటారని తెలిసింది. ఇది ఉపకేంద్రమా!

టోక్యో ప్రభుత్వ భవనం 45వ అంతస్తుకు టికెట్ లేదు. 202 మీటర్ల ఎత్తునుంచి ఊరి అంచు కోసం వెతికాను, దొరకలేదు. కష్టపడి నేర్చుకున్న ‘దైతోషి’, అంటే మహానగరం, అన్న మాట వాడితే మిత్రుడు నవ్వాడు. ఒసాకా కూడా దైతోషియే, ఇది ‘షుతోకెన్’ అన్నాడు. అంటే రాజధాని మండలం: చట్టం లెక్కన టోక్యో, దాని చుట్టూ ఏడు ప్రిఫెక్చర్లు (మన రాష్ట్రాల్లాంటివి), 4 కోట్లకు పైగా జనం. ఇంతకీ ‘టోక్యో నగరం’ అన్నది 1943లోనే రద్దయిందట. అప్పటినుంచి అది ‘తో’, అంటే రాజధాని ప్రాంతం. దేశం మొత్తంలో అలాంటిది ఇదొక్కటే.

“మీ భాషలో ఏమంటారు, పెద్ద ఊరికి వెళ్లడాన్ని?” అని అడిగాడు.

“పట్నం పోవడం.”

“ఎక్కడమూ దిగడమూ లేవా?”

లేవన్నాను. మా అమ్మమ్మకు పట్నమంటే హైదరాబాదే, వేరే పేరు అక్కర్లేదని కూడా చెప్పాను.

సాయంత్రం కుదారి రైల్లో మనిషికీ మనిషికీ మధ్య వేలు దూరే సందు లేదు. ఎదురుగా నోబోరి రైలు దాదాపు ఖాళీగా వెళ్లిపోయింది.