సదస్సు నుంచి ఇద్దరం తిరిగి వస్తూ

పరిశోధన పత్రం సమర్పించడానికి విదేశీ సదస్సుకు వెళ్లేవారు జీవిత భాగస్వామిని వెంటబెట్టుకెళితే పని చెడుతుందని మా రసాయన శాస్త్ర రంగంలో చాలామంది అంటారు. మావారితో కలిసి వెళ్లి వచ్చాక నా అభిప్రాయం ఇందుకు పూర్తిగా భిన్నం. సదస్సులో విన్నదంతా మనసులో ఒక దారికి వచ్చేది తిరుగు ప్రయాణంలోనే. ఆ సమయంలో మన శాస్త్రం తెలియని ఆత్మీయులు పక్కన కూర్చుని అడిగే ప్రశ్నలకు సాటి లేదు.

ముందుగా ఒక సంగతి. తోడుగా వచ్చేవారికి చాలా సదస్సుల్లో విడిగా రిజిస్ట్రేషన్ ఉంటుంది. దానితో ప్రారంభ విందుకు, ముగింపు భోజనానికి వెళ్లవచ్చు గానీ ప్రసంగాల హాల్లోకి సాధారణంగా అనుమతి ఉండదు. రుసుము కట్టేముందే ఈ వివరం చూసుకుంటే మంచిది. మావారు ఆ ప్రకారమే వచ్చారు, కాబట్టి నా ప్రసంగాన్ని ఆయన విన్నది హోటల్ గదిలోనే. నాకిచ్చిన సమయం ప్రసంగానికి 12 నిమిషాలు, ప్రశ్నలకు 3 నిమిషాలు. ఆయన మంచం అంచున కూర్చుని, ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని, “గ్రాఫులో నిలువు గీత దేన్ని కొలుస్తుందో ముందు చెప్పు, అది ఎందుకు పడిపోయిందో తర్వాత చెప్పు” అన్నారు. మర్నాడు నేను అదే వరుసలో చెప్పాను.

తిరుగు ప్రయాణాన్ని తలచుకున్నప్పుడల్లా నాకు 1860 సెప్టెంబరులో జర్మనీలోని కార్ల్స్‌రూలో జరిగిన రసాయన శాస్త్రజ్ఞుల సదస్సు గుర్తుకు వస్తుంది. పరమాణు భారాలను ఎలా లెక్కగట్టాలన్న విషయంలో ఏకాభిప్రాయం కుదరకుండానే అది ముగిసింది. చివర్లో ఇటలీకి చెందిన కన్నిజారో రాసిన చిన్న పుస్తకాన్ని పంచారు. సదస్సుకు వచ్చిన జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు లోథర్ మేయర్ దాన్ని జేబులో పెట్టుకుని, ఇంటికి వెళ్లే దారిలో చదివి, అంతవరకు ఉన్న సందేహాలు తీరిపోయాయని తర్వాత రాసుకున్నారు. 1864లో ఆయన ప్రచురించిన మూలకాల అమరిక ఆవర్తన పట్టికకు తొలి రూపాల్లో ఒకటి. సభలో తేలని విషయం ఆయనకు దారిలో తేలింది.

మా తిరుగు ప్రయాణం పడమర వైపు. మన శరీర గడియారం సహజంగా 24 గంటలకన్నా కాస్త నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి, రోజు పొడవయ్యే పడమటి ప్రయాణాన్ని అది తేలిగ్గా సర్దుకుంటుంది. విమానంలో ఇద్దరం మెలకువగానే ఉన్నాం. నేను నోట్సు తెరిచి, ఒక్కొక్క ప్రసంగంలో నాకు పనికివచ్చేది ఏమిటో ఆయనకు చెబుతూ వెళ్లాను. పొడి పదాలతో ఆయన ఊరుకోరు; ప్రతిదానికీ ఏ పాత్రలో ఏం వేశారో, ఎంతసేపు వేడిచేశారో చెప్పాల్సిందే. అలా చెప్పుకుంటూ నా సొంత పని దగ్గరకు వచ్చాం. మా ఉత్ప్రేరకాన్ని, అంటే రసాయన చర్యను వేగవంతం చేసే పదార్థాన్ని, మళ్లీ మళ్లీ వాడేకొద్దీ దాని చురుకుదనం తగ్గుతుందన్నది నా పత్రం సారాంశం. ఆయన కాసేపు ఆలోచించి, “ప్రతిసారీ వాడాక దాన్ని కడిగి ఆరబెడతారు కదా, తగ్గేది వాడినందువల్లా, ఆరబెట్టినందువల్లా?” అని అడిగారు.

సభలో అడిగిన ప్రశ్నలన్నీ ఉత్ప్రేరకంలోని లోహం ద్రావణంలోకి కారిపోతోందా అన్నదాని చుట్టూనే తిరిగాయి. ఈ ప్రశ్న ఎవరూ వేయలేదు. అసలు చర్యలో వాడని ఉత్ప్రేరకాన్ని అన్నిసార్లూ ఉత్తినే కడిగి, ఆరబెట్టి, ఆ తర్వాత పరీక్షిస్తే రెండు కారణాలనూ విడదీయవచ్చు. ప్రయోగం మొత్తం నోట్సు చివరి పేజీలో అక్కడికక్కడే రాసుకున్నాను.

ఇల్లు చేరాక బట్టలు సర్దకముందే, పోస్టర్ల దగ్గర పరిచయమైన ఒక యువ పరిశోధకురాలికి, ఉత్ప్రేరకాన్ని తాను ఎలా ఆరబెడతారో అడుగుతూ ఉత్తరం రాశాను. తాను వేడి తగలనివ్వకుండా శూన్యంలో ఆరబెడతానని, తనకు నష్టం తక్కువగానే కనిపిస్తోందని ఆమె జవాబిచ్చారు. ప్రయోగం మొదలుపెట్టాం. ఫలితం ఎటు తేలినా, వచ్చే పత్రంలో కృతజ్ఞతల కింద మావారి పేరు ఉంటుంది.