పేరు మారిన బ్యాంకులో కౌంటర్ వెనక

2020 ఏప్రిల్ 1న మా ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకుతో పాటు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. 1923లో మచిలీపట్నంలో పట్టాభి సీతారామయ్యగారు పెట్టిన బ్యాంకు అది, కౌంటర్లో కూర్చునే నాకు ఆ పేరు పోవడం ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. పైగా లాక్‌డౌన్ రోజులు. పెద్దవాళ్లు మాస్కు కిందికి లాగి, నలిగిన పాస్‌బుక్కు ముందు పెట్టి "బాబూ, ఈ పుస్తకం చెల్లుతుందా, నా డబ్బులెక్కడికీ పోవు కదా" అని అడిగేవాళ్లు.

విలీనం వెనక లెక్కలు నాకూ తెలుసు. మూలధనం పెరుగుతుంది, పెద్ద అప్పులివ్వగలం, పక్కపక్కనే ఉన్న బ్రాంచీల ఖర్చు తగ్గుతుంది, అవన్నీ నిజమే. కానీ డబ్బు పంపేటప్పుడు అది ఏ బ్యాంకు ఏ బ్రాంచికో చెప్పే, ఏఎన్‌డీబీతో మొదలయ్యే ఐఎఫ్ఎస్‌సీ కోడ్ యూబీఐఎన్‌గా మారితే, జీతం వేసే ఆఫీసు నుంచి డబ్బు పంపే కొడుకు దాకా అందరికీ కొత్తది చెప్పాలని ఆ పెద్దాయనకి అర్థమయ్యేలా చెప్పేది కౌంటర్లో ఉన్నవాళ్లే కదా!

ఎక్కడ ఇలాంటి మార్పు తలపెట్టినా ముందు కౌంటర్ స్టాఫ్‌ని కూర్చోబెట్టి, జనం ఏమేం అడుగుతారో రాయించుకోండి, వాటికి జవాబులు తెలుగులో పెద్ద అక్షరాలతో అచ్చు వేయించి గోడకి అంటించండి. సగం టెన్షన్ అక్కడే తగ్గుతుంది.