డాకర్ సర్వర్లను ఉబుంటు 22.04కి మార్చిన నా అనుభవం

మా సర్వర్లలో ఉన్న లినక్స్ ఓఎస్ ఉబుంటు 20.04కి మామూలు సపోర్ట్ 2025 మేలో ముగుస్తుందని చాలా ముందే తెలుసు. అయినా "బాగా నడుస్తున్న సర్వర్ జోలికి ఎందుకు" అనే మాట మా టీమ్‌లోనూ వినిపించింది. దానికి తోడు ఇంకో ధీమా, అప్లికేషన్లన్నీ డాకర్ కంటైనర్లలోనే (కావాల్సినవన్నీ వెంట పెట్టుకుని విడివిడిగా నడిచే పెట్టెల్లాంటివి) ఉన్నాయి కదా, కింద ఓఎస్ మారితే వాటికేంటి అని. నేను ఒప్పుకోలేదు. కంటైనర్ తయారయ్యే ఇమేజ్‌లో లైబ్రరీలు ఉంటాయి, కానీ ఓఎస్‌కి గుండెకాయలాంటి కెర్నల్ మాత్రం హోస్ట్‌దే, అంటే కింద ఉన్న సర్వర్‌దే.

అసలు అప్‌గ్రేడ్‌లో టెన్షన్ పడాల్సింది తక్కువ. ఒక్కో సర్వర్‌ని స్వార్మ్‌లో (డాకర్ సర్వర్లను కలిపి నడిపే గుంపు) డ్రెయిన్ చేసి, అంటే ఖాళీ చేయమని చెప్పి, కంటైనర్లు పక్క సర్వర్లకు వెళ్లాక, కంటైనర్ల డేటా ఉండే వాల్యూమ్‌లకు బ్యాకప్ తీసుకుని డూ-రిలీజ్-అప్‌గ్రేడ్ అనే ఉబుంటు కమాండ్ నడిపాం. ఎస్ఎస్‌హెచ్ మీద, అంటే దూరం నుంచి లాగిన్ అయ్యి నడిపితే అది ముందు జాగ్రత్తగా 1022 పోర్టులో ఇంకో ఎస్ఎస్‌హెచ్ తెరుస్తుంది, ఫైర్‌వాల్‌లో ఆ పోర్టుకు దారి ఇచ్చి పెట్టుకోండి. ఇంకోటి, సాఫ్ట్‌వేర్ దింపుకునే బయటి రిపాజిటరీలన్నిటినీ అది ఆపేస్తుంది, డాకర్‌ది కూడా. అప్‌గ్రేడ్ అయ్యాక డాకర్ రిపాజిటరీ ఫైల్ తెరిచి ఫోకల్ (20.04 పేరు) అన్నచోట జామీ (22.04 పేరు) అని మార్చి మళ్లీ ఆన్ చేయాలి, లేదంటే డాకర్ నడుస్తూనే ఉంటుంది కానీ అప్‌డేట్లు రావు, ఆ సంగతి ఎవరూ గమనించరు కూడా.

మాకు చెమటలు పట్టించింది సీగ్రూప్స్, అంటే ప్రాసెస్‌లకు మెమరీ లాంటివాటి మీద లిమిట్ పెట్టే కెర్నల్ ఏర్పాటు. 20.04లో డిఫాల్ట్‌గా వెర్షన్ 1, 22.04లో వెర్షన్ 2. కంటైనర్‌కు ఎంత మెమరీ ఇచ్చామో చెప్పే ఫైల్ పేరు, చోటు రెండూ మారిపోయాయి. టెస్ట్ సర్వర్ మార్చిన కాసేపటికే మా టీమ్‌లో కుర్రాడు వచ్చి "అన్నా, ఆ బిల్లింగ్ సర్వీస్ మళ్లీ పడిపోయింది, ఎగ్జిట్ కోడ్ 137" అన్నాడు. 137 అంటే ప్రాసెస్‌ని బలవంతంగా చంపేశారని, కెర్నల్ లాగ్ చూస్తే అక్కడ మెమరీ దాటినందుకే చంపినట్టు ఉంది. కోడ్‌లో ఒక్క లైన్ మారలేదు, ఇమేజ్ కూడా పాతదే.

తీరా చూస్తే అందులో ఉన్నది పాత జావా 8. సీగ్రూప్ వెర్షన్ 2 జావా 8కి 372వ అప్‌డేట్‌లో, జావా 11కి 11.0.16లో అర్థమవడం మొదలైంది. అంతకన్నా పాతది అయితే కంటైనర్ లిమిట్ కనబడక మొత్తం హోస్ట్ మెమరీ తనదే అనుకుంటుంది. హీప్ (జావా తన డేటా ఉంచుకునే మెమరీ) సైజు మనం చెప్పకపోతే కనిపించిన మెమరీలో నాలుగో వంతు వరకు తీసుకోవచ్చనుకుంటుంది కాబట్టి, 64 జీబీ సర్వర్‌లో 2 జీబీ లిమిట్ ఉన్న కంటైనర్ 16 జీబీ దాకా పెరగొచ్చని లెక్కేసుకుంటుంది. 2 జీబీ దాటగానే కెర్నల్ చంపేస్తుంది.

అందుకే ప్రొడక్షన్ ముట్టుకోకముందే నడుస్తున్న ప్రతి కంటైనర్‌లో జావా వెర్షన్ అడిగే చిన్న స్క్రిప్ట్ రాశాం. పాతవి బయటపడ్డాయి. కొన్నిటికి బేస్ ఇమేజ్ మార్చాం, వెంటనే మార్చలేనివాటికి ఎక్స్‌ఎంఎక్స్ అనే జావా ఆప్షన్‌తో హీప్ సైజు మనమే రాసిచ్చాం. మీరు ఈ పని మొదలుపెడుతుంటే దయచేసి ముందు ఈ జాబితా తయారు చేయండి, హోస్ట్ సంగతి తర్వాత. మెమరీ కొలిచే సొంత స్క్రిప్టులు ఉంటే వాటినీ చూడండి, పాత ఫైల్ పేరు వెతుక్కునేవన్నీ ఆగిపోతాయి.

ఒక్క సర్వర్ మాత్రం ఇంకా పూర్తిగా దారికి రాలేదు. సెంటోస్ 7 (ఇంకో పాత లినక్స్) ఇమేజ్‌లో సిస్టమ్‌డీ (సర్వీసులను లేపి నడిపే ప్రోగ్రామ్) నడుపుతున్న పాత అప్లికేషన్ ఒకటుంది, ఆ పాత సిస్టమ్‌డీ సీగ్రూప్ వెర్షన్ 2లో అసలు లేవదు. సర్వర్ బూట్ అయ్యేటప్పుడు కెర్నల్‌ని లేపే గ్రబ్‌లో కెర్నల్ పారామీటర్ పెట్టి అక్కడ వెర్షన్ 1నే ఉంచాం. డెవలపర్లు కొత్త ఇమేజ్ ఇవ్వగానే అది తీసేసి రీబూట్ చేస్తాం.